సముద్రం పాలైన నీరు ఎవరి పాలు?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా పాలకీడులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)





మా అందరి తరఫున మాట్లాడుతున్నాం. ఎందుకంటే మొన్న మార్చి మొదటి వారంలో మన మండలం నుంచి పద్నాలుగు మందిమి కలిసి కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళి వచ్చాం. నలుగురు ఉపాధ్యాయులు, డిగ్రీ చదివే పిల్లలు ఆరుగురు, మహిళా సంఘం అక్కలు ఇద్దరు, సేద్యం చేసుకునే పెద్దమనుషులు ఇద్దరు. అక్కడి దీవుల్లో జంతువులను, పక్షులను చూస్తూ ఒక రోజంతా గడిపాం. ఏం చూశారో సభలో చెప్పమని సంఘం అడిగింది. ఈ కాగితం మాలో ఒకరు రాశారు, ఒకరు చదువుతున్నారు. మాట మాత్రం పద్నాలుగు మందిదీ.

ఇది ఆగస్టు నెల. పైన వానలు పడి నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన రోజున టీవీలో, పేపర్లో ప్రతి ఏడాదీ ఒకే మాట కనిపిస్తుంది. 'ఇన్ని టీఎంసీలు సముద్రం పాలు.' ఈ మాట మన తండాల్లో ఇంకా చేదుగా వినిపిస్తుంది. మనం నది ఒడ్డున ఉన్నవాళ్ళం. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలవడం, జాన్‌పహాడ్ వైపు వరద ఒడ్డుల దాకా నిండి పోవడం మన కళ్ళతో చూస్తాం. అదే రోజున పక్కనే ఎత్తు మీద ఉన్న చెలకలో పత్తి మొలక వాన కోసం చూస్తూ ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీరు ఎప్పుడు అందుతుందో, ఎప్పుడు అందదో మీకు మేం చెప్పనక్కర్లేదు. లిఫ్టు ఉన్న చోట మోటారు చెడిపోతుంది, మోటారు బాగున్న నాడు కరెంటు ఉండదు. 'మన కండ్ల ముందట్నే పోతున్నయ్, సముద్రంల ఉత్తగ కలుస్తున్నయ్' అని మన పెద్దలు అంటే అందులో తప్పు పట్టే ధైర్యం ఎవరికీ లేదు.

మేం వెళ్ళింది ఆ 'ఉత్తగ' అన్న మాటను పరీక్షించడానికి కాదు. పిల్లలు తాబేళ్ళు చూద్దామన్నారు, పెద్దలు సాగర సంగమంలో స్నానం చేద్దామన్నారు. అయినా చూసి వచ్చాక మాకు చెప్పవలసిన సంగతిగా మిగిలింది ఈ మాటే. సముద్రం పాలైన నీరు నిజంగా ఎవరి పాలవుతుంది? ఎవరి వాటా అది?

ముందుగా ఒక చిన్న సంగతి. సముద్రతీరం మనకు పరాయి చోటు అనుకుంటాం. మన ముత్తాతలకు అది పరాయిది కాదు. రైలు రాకముందు, తారు రోడ్లు పడకముందు, వందల ఎద్దుల మీద గోనెలు వేసుకుని లదేణి నడిపిన జాతి మనది. ఇక్కడి ధాన్యం తీరానికి పోయేది, తీరం నుంచి ఉప్పు ఇక్కడికి వచ్చేది. మన గోర్ బోలిలో ఉప్పును లూణ్ అంటాం. లవణం మోసినవాళ్ళు కాబట్టే లంబాడీలన్న పేరు వచ్చిందని కొందరు పండితులు అంటారు. ఆ పేరు సంగతి ఎట్లా ఉన్నా, దక్కన్ పీఠభూమి మీద ఎన్నో ఊళ్ళ కూరల్లో ఉప్పు వేసింది మన ఎద్దులే. ఉప్పు మీద కంపెనీ దొరల గుత్తాధికారం, ఆ తరువాత రైళ్ళు వచ్చి లదేణిని దెబ్బ తీశాయి. అప్పటి నుంచి మనం సముద్రానికి వీపు తిప్పి బతుకుతున్నాం. మొన్న మాత్రం మళ్ళీ అటువైపు ముఖం తిప్పాం.

హుజూర్‌నగర్, కోదాడ మీదుగా విజయవాడ చేరి, అక్కడి నుంచి కృష్ణ కరకట్ట పట్టుకుని అవనిగడ్డ, నాగాయలంక వెళ్ళాం. ప్రకాశం బ్యారేజీ దాటాక నదికి అడ్డుగా ఇక ఆనకట్ట లేదు. కిందికి పోయాక పులిగడ్డ దగ్గర నది రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయల మధ్య, సముద్రం అంచున ఉన్న నేలే దివిసీమ. దివి అంటేనే దీవి. దివిసీమకు కూడా చివర, సముద్రం లోపలికి చొచ్చుకుపోయినట్టు మరికొన్ని దీవులు ఉన్నాయి. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వాటిలో కొన్ని. వాటి చుట్టూ మడ అడవి. 1989లో ఈ ప్రాంతాన్ని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. గోదావరి చివర కాకినాడ పక్కన ఉన్న కోరింగ అడవి పేరు చాలామంది విన్నారు. కృష్ణ చివర కూడా అలాంటి అడవి ఉందని మన వైపు తెలిసినవాళ్ళు తక్కువ. మన ఇంటి ముందు నుంచి పోయే నీరు చేరే చోటు అయినా మనకు తెలియదు.

అటవీ శాఖ అనుమతి తీసుకుని, తెల్లవారుజామున నాలుగింటికి ఇంజను పడవ ఎక్కాం. మాకు దారి చూపడానికి వచ్చిన ఇద్దరు యానాది సోదరులు. ఇద్దరిలో పెద్దాయన వయసు అరవై దాటి ఉంటుంది. మొదట మమ్మల్ని 'సార్, మేడం' అన్నాడు. మేం లంబాడా తండాల నుంచి వచ్చామని, మాదీ షెడ్యూల్డ్ తెగేనని చెప్పాక కాసేపు మా ముఖాలు చూసి, 'అట్టా చెప్పండి మరి! అయితే మీరూ మావోళ్ళే' అన్నాడు. అక్కడి నుంచి మేం అన్నలమూ అక్కలమూ అయ్యాం.

నది మొగ దగ్గరికి వచ్చేసరికి తూర్పు తెల్లబడింది. అక్కడ ఒడ్డున దిగి ఇసుక మీద నడిచాం. ముందు నడిచే పెద్దాయన ఆగి చేయి అడ్డం పెట్టాడు. ఇసుక మీద ట్రాక్టరు టైరు పోయినట్టు ఒక చార. సముద్రంలోంచి పైకి వచ్చి, మళ్ళీ సముద్రంలోకి పోయింది. 'తల్లి వచ్చి పోయింది' అన్నాడు. ఆలివ్ రిడ్లే తాబేలు. నలభై యాభై కిలోల దాకా బరువు తూగే సముద్రపు తాబేలు. రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో గుంట తీసి, నూరుకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దాని మీద తన ఒంటితో అదిమి వెళ్ళిపోతుంది. పిల్లల ముఖం చూడదు.

ఆయన చేతిలో సన్నటి కర్ర ఉంది. దాన్ని ఇసుకలో అక్కడక్కడా మెల్లగా దించుతూ పోయాడు. మాకు అంతా ఒకటే ఇసుక. ఒకచోట కర్ర కాస్త మెత్తగా దిగిందట. చేతులతో తవ్వితే మూరెడు లోతున తెల్లటి గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లాగా. నక్కలు, కుక్కలు, అడవి పందులు ఇట్లాంటి గుంటలు వాసన పట్టి తవ్వి తినేస్తాయి. అందుకని గుడ్లను లెక్కపెట్టి, తట్టలో అదే ఇసుకలో పెట్టి, వల కంచె కట్టిన సంరక్షణ కేంద్రానికి తెచ్చి, అదే లోతున మళ్ళీ పూడ్చిపెడతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. ఇది మా ఉపాధ్యాయులు చెప్పిన శాస్త్రం. 'ఎండల ముందు గుంటలు, ఎండల్లో గుంటలు వేరే' అని ఆయన అన్నది అనుభవం.

మా అదృష్టం కొద్దీ, జనవరి మొదట్లో పూడ్చిన ఒక గుంటలోంచి ఆ తెల్లవారుజామునే పిల్లలు లేచాయి. అరచేతిలో పట్టేంత పిల్లలు, నల్లగా, తెడ్ల లాంటి కాళ్ళతో. ఒడ్డున వదిలితే ఎవరూ చెప్పకుండానే సముద్రం వైపు పాకాయి. సముద్రం మీది వెలుగు వాటికి దారి. ఒడ్డున కరెంటు దీపాలు ఉంటే దారి తప్పి ఊళ్ళ వైపు పాకి చచ్చిపోతాయి. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదయితే గొప్ప అంటారు. బతికిన ఆడపిల్ల ఏళ్ళ తరువాత గుడ్లు పెట్టడానికి తను పుట్టిన తీరానికే తిరిగి వస్తుంది. మాతో వచ్చిన అక్క ఒకామె, 'తీజ్‌కు తండాకొచ్చిన ఆడబిడ్డ లెక్క' అంది.

అదే ఒడ్డున ఇంకో వంద అడుగుల అవతల చచ్చి పడి ఉన్న పెద్ద తాబేలు కూడా కనిపించింది. తాబేలుకు మనలాగే ఊపిరితిత్తులు ఉంటాయి. మధ్య మధ్య పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. మరపడవలు లాగే పెద్ద వలల్లో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. తాబేలు బయటికి పోయే దారి ఉన్న వల చట్రాలు ఉన్నాయి. వాడితే చేప కొంత జారిపోతుందని అందరూ వాడరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ. కాగితం మీద పులి, వలలో తాబేలు.

ఎండ పైకి వచ్చాక మడ అడవిలోకి పోయాం. సముద్రానికి పోటు, పాటు ఉంటాయి. పోటు వచ్చినప్పుడు నీరు అడవిలోకి ఎక్కుతుంది, పాటు వచ్చినప్పుడు దిగిపోతుంది. పోటు మీద పడవ సన్నటి పాయల్లోకి పోతుంది, పాటు మొదలయ్యేలోపు బయటపడకపోతే బురదలో కూర్చోవాలి. పడవ నడిపేవాడికి గడియారం అక్కర్లేదు, చందమామ తిథి తెలిస్తే చాలు. చెట్ల చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన వేలెడంత వేళ్ళు. అవి చెట్టు ఊపిరి పీల్చుకునే వేళ్ళు. పొన్న చెట్టయితే కొమ్మల నుంచే ఊతకర్రల్లాంటి వేళ్ళు దించి నిలబడింది. తిల్ల చెట్టు దగ్గర మాత్రం కొమ్మ విరవొద్దని ముందే హెచ్చరించారు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

బురద మీద ఎర్రటి ఒంటిపెట్ట పీతలు, గెంతే బురద చేపలు. నీటి అంచున ఉల్లంకి పిట్టలు బారులు తీరి ముక్కులతో బురద పొడుస్తున్నాయి. అవి చలికాలానికి ఉత్తర దేశాల నుంచి వచ్చి, ఎండలు ముదిరే లోపు తిరిగి పోతాయి. నారాయణపక్షి, నీటికాకి, లకుముకి పిట్ట మనకు ఇక్కడ కూడా తెలిసినవే. వాటిని అంత దూరంలో చూసినప్పుడు చుట్టాలను చూసినట్టు అనిపించింది. ఒక పాయ మలుపులో మూడు నీటికుక్కలు తలలు పైకెత్తి మమ్మల్ని చూసి మునిగిపోయాయి. చిన్నవాడు ఫోను తీసేలోపే నీటి మీద బుడగలు మాత్రం మిగిలాయి.

మా పిల్లలు అందరికన్నా ఎక్కువ చూడాలనుకున్నది బావురు పిల్లిని. చేపలు పట్టి తినే పిల్లి. ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది, ఒంటి మీద మచ్చలు, పొట్టి తోక, కాలి వేళ్ళ మధ్య కొంత పొర ఉంటుంది. నీళ్ళలోకి దూకి చేపను పట్టగల పిల్లి జాతి. ప్రపంచమంతటా తగ్గిపోతున్న జంతువు. ఈ కృష్ణ మడ అడవిలో అది ఉందని అటవీ శాఖ, పరిశోధకులు రాత్రిపూట కెమెరాలు పెట్టి నిరూపించారు. అది రాత్రి తిరిగేది, మాకు కనిపించలేదు. బురద మీద దాని అడుగులు మాత్రం కనిపించాయి. నక్క అడుగుకు గోరు గుర్తు ముందుంటుందని, పిల్లి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుందని పెద్దాయన చూపించాడు. 'ఇది మొన్న పాటుకు వచ్చింది, నిన్న పోటుకు సగం చెరిగింది' అన్నాడు. బడికి పోని మనిషి. కానీ బురదను పుస్తకంలాగా చదివాడు. మా నలుగురు ఉపాధ్యాయులూ ఆ గంటసేపు విద్యార్థులయ్యారు.

మధ్యాహ్నం వాళ్ళ దిబ్బకు తీసుకుపోయారు. యానాదుల గుడిసెలు, కొన్ని పక్కా ఇళ్ళు, వలలు, పీతల బుట్టలు. ఊరికి పడవే దారి. ఒంట్లో బాగాలేకపోయినా, బియ్యం తెచ్చుకోవాలన్నా పడవే. మన తండాలకు రోడ్డు లేని రోజులు గుర్తున్న పెద్దలకు ఆ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. యానాదుల గురించి మనకు తెలిసింది తక్కువ. శ్రీహరికోట పేరు మాత్రం అందరికీ తెలుసు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకోకముందు అక్కడి అడవిలో తరతరాలుగా బతికింది యానాదులే. అడవి తేనె, మందు మూలికలు, దుంపలు వాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. ఇంగ్లీషు వాళ్ళ నేరజాతుల చట్టం మచ్చ వాళ్ళ మీదా పడింది, మన లంబాడాల మీదా పడింది. 1952లో ఆ చట్టం పోయింది. చూపుల్లో ఆ మచ్చ పోవడానికి ఇంకా ఎన్నేళ్ళు పట్టిందో రెండు జాతులకూ తెలుసు.

అక్కడ ఒక అక్క పీతలు పట్టి వచ్చి బుట్ట దించింది. బురదలో పీత బొక్క చూసి, ఇనుప కొక్కెంతో పీతను లాగి, డెక్కలు విరగకుండా తాడుతో కట్టడం ఆమె పని. బతికి ఉన్న పీతకే ధర. మేం ఆమెను అడిగాం, 'అక్కా, ఏ ఏడు పీత బాగా దొరుకుతుంది?' అని. ఆమె క్షణం ఆలోచించలేదు. 'ఏటి నీళ్ళు బాగా వచ్చిన ఏడు. వరదొస్తే రొయ్యపిల్ల నిండుద్ది, చేప ఎక్కుద్ది, పీత బలుస్తది. ఏరు రాని ఏడు నీళ్ళు మరీ ఉప్పుగా అయిపోతాయ్. అప్పుడు మాకూ ఎండే, అడవికీ ఎండే' అంది. మా ఊళ్ళో వరద నీళ్ళు సముద్రంలో ఉత్తగా కలుస్తున్నాయంటారని మాతో వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆమెకు చెప్పాడు. ఆమె నవ్వి, 'ఉత్తినే ఎందుకు కలుస్తాయి? మా మీంచేగా పోయేది' అంది.

ఆ ఒక్క మాట మాతో పాటు పాలకీడు దాకా వచ్చింది.

ఇంటికి వచ్చాక మా ఉపాధ్యాయులు లెక్కలు తీశారు. మీరూ వినండి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. 1976లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో నమ్మకంగా దొరికే నీటిని 2060 టీఎంసీలుగా తేల్చి పంచింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. ఈ మూడూ కూడండి. సరిగ్గా 2060 వస్తుంది. చివర మిగిలేది సున్నా. ఆ పంపకంలో మడ అడవికి, పీతకు, రొయ్యకు, తాబేలుకు, ఆ యానాది అక్కకు ఒక్క చుక్క పేరు కూడా రాయలేదు. వాళ్ళకు పోయేది పంపకం అయ్యాక పొంగి పొర్లింది మాత్రమే. పొంగింది పోతుంటే దాన్ని కూడా 'వృథా' అంటున్నాం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య వాటాల పంచాయితీ ఇంకా నడుస్తూనే ఉంది. అందులోనూ నది చివర బతికేవాళ్ళ గొంతు వినిపించదు.

నీటితో పాటు ఇంకొకటి పోతుంది, ఒండ్రు మట్టి. దివిసీమ నేలంతా కృష్ణ వేల ఏళ్ళుగా మోసుకుపోయిన ఒండ్రే. పై నుంచి వరుసగా ఆనకట్టలు కట్టాక ఒండ్రు జలాశయాల అడుగున ఆగిపోతోంది. కొత్త మట్టి రాకపోతే సముద్రం తీరాన్ని కోసుకుంటూ పోతుంది. మట్టి లేని చోట మడ చెట్టు నిలవదు. మడ చెట్టు లేకపోతే ఏమవుతుందో దివిసీమకు బాగా తెలుసు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వేలమంది చనిపోయారు, సర్కారు లెక్కే పదివేలు. సొర్లగొంది లాంటి ఊళ్ళు అలల కింద పడి తుడిచిపెట్టుకుపోయాయి. మడ దట్టంగా ఉన్న చోట అల ఉధృతి తగ్గిందని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అంటే మన ముందు నుంచి పోయే నీరు, మట్టి వాళ్ళకు గోడ కట్టే ఇటుకలు.

ఇప్పుడు మీలో కొందరికి కోపం రావచ్చు. 'మాకే తాగడానికి, సేద్యానికి లేకపోతే, పిల్లికీ తాబేలుకీ నీళ్ళు వదలమంటారా' అని. ఈ ప్రశ్న న్యాయమైనదే. తిరుగు ప్రయాణంలో వ్యానులో రాత్రంతా మేం కొట్లాడుకున్నది ఇదే ప్రశ్న మీద. మన సేద్యానికి నీళ్ళు అడగడం మనం మానకూడదు. పులిచింతల కింద మన వైపు ఊళ్ళు, తండాలు మునిగాయి. సుమారు 46 టీఎంసీలు నిలిచే ఆ జలాశయం కృష్ణా డెల్టా కోసం కట్టింది. మునిగింది ఒక వైపు, తడిసింది ఇంకో వైపు. నదీ తీరాన ఉండి నీళ్ళు అందని తండాకు లిఫ్టు కావాలని, కాలువ చివరి దాకా నీరు రావాలని గట్టిగా అడగాలి, అడుగుతాం.

కానీ అడిగేటప్పుడు మాట సరిగా ఉండాలి. 'ఉత్తగ పోతున్నయ్, మాకియ్యండి' అన్నామంటే, కింద ఉన్నవాళ్ళ బతుకు విలువ సున్నా అని మన నోటితో మనమే ఒప్పుకున్నట్టు. మనల్ని కూడా ఎన్నోసార్లు అట్లాగే లెక్కలోంచి తీసేశారు. అడవి నుంచి పంపేటప్పుడు, డ్యాము కింద ముంచేటప్పుడు, 'అక్కడ ఎవరూ లేరు, ఖాళీ నేలే' అన్నారు. ఖాళీ నేల అన్నది ఎట్లా అబద్ధమో, వృథా నీరు అన్నదీ అట్లాంటి అబద్ధమే. మాతో వచ్చిన పెద్దమనిషి, పొద్దున పడవ ఎక్కేదాకా అందరికన్నా గట్టిగా 'సముద్రం పాలు' అన్నాయన, కోదాడ దాటాక ఇట్లా అన్నాడు: 'మనకు నీళ్ళు కావాలె. గట్టిగ అడగాలె. గని ఉత్తగ పోతున్నయ్ అని మాత్రం ఇగ నేను అనను.' మా పద్నాలుగు మంది తీర్మానం కూడా అదే.

ఇంకో విషయం ఉంది, అది పూర్తిగా మన చేతిలోదే. కిందికి నీళ్ళు ఒక్కటే పోవు. హైదరాబాద్ మురికిని మూసీ మోసుకొచ్చి వాడపల్లి దగ్గర కృష్ణకు అప్పగిస్తుంది. దాన్ని మనం ఆపలేం, ఆపమని అడగగలం. మనం వేసేది మాత్రం మనం ఆపగలం. పత్తి చేలలో కొట్టిన మందు డబ్బాలు కాలువలో పారేయడం, ఉర్సుకు, జాతరకు, పుష్కరానికి వచ్చి ప్లాస్టిక్ సంచులు ఒడ్డున వదలడం. ఆ మొగ దగ్గర ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన పురుగుమందు డబ్బా మూత మాకు కనిపించింది. అది ఏ ఊరిదో ఎవరూ చెప్పలేరు. ఏ ఊరిదైనా నది మీదే పోయి ఉంటుంది.

అందుకని ఈ సభ ముందు నాలుగు మాటలు పెడుతున్నాం.

ఒకటి. మన సంఘం రాసే ప్రతి అర్జీలో నీళ్ళు అడుగుదాం. 'సముద్రం పాలు', 'వృథా' అన్న మాటలు మాత్రం తీసేద్దాం. నది చివర వరకు బతికి ఉండేంత నీటికి కూడా వాటా రాయమని అదే అర్జీలో ఒక వాక్యం చేరుద్దాం.

రెండు. వాడపల్లి సంగమం నుంచి జాన్‌పహాడ్ ఒడ్డు దాకా మన ముక్క నదిని మన పిల్లలే కాపలా కాయాలి. బడికొక పుస్తకం పెట్టి, ఏ నెలలో ఏ పిట్ట వచ్చింది, ఎన్ని వచ్చాయి, ఏ చేప కనిపించడం మానేసింది రాయించాలి. దుర్భిణీ లేకపోయినా కళ్ళున్నాయి. పేర్లు తెలియకపోతే పశువులు కాసిన తాతలను అడగండి. వాళ్ళు గోర్ బోలిలో చెప్పిన పేరు కూడా రాసుకోండి. ఆ తాతలతో పాటే ఆ పేర్లు కూడా పోతాయి.

మూడు. మందు డబ్బాలు, ప్లాస్టిక్ నదిలో, కాలువలో పడకుండా తండాకొక కట్టుబాటు. నాయక్, కార్బారి కూర్చుని చెబితే మన తండాల్లో మాట నిలుస్తుంది. ఎన్నో కష్టమైన తగాదాలు తీర్చిన పంచాయితీకి ఇది పెద్ద పని కాదు.

నాలుగు. తాబేళ్ళ గుడ్లు కాసే యానాది సోదరులకు ఆ పని గుడ్ల కాలం నాలుగు నెలలకే ఉంటుంది, మిగతా ఏడాది ఉండదు. వన్యప్రాణులను కాపాడటంలో గిరిజనులకు ఏడాది పొడవునా గౌరవమైన పని, జీతం కావాలని రెండు రాష్ట్రాల గిరిజన సంఘాలు కలిసి అడగాలి. అడవి సంగతి తెలిసిన మనిషికి కూలి, తెలియని మనిషికి ఉద్యోగం అన్న పద్ధతి పోవాలి. వచ్చే ఏడాది ఇదే సభకు ఆ దిబ్బ నుంచి కొందరిని పిలుద్దామని మా కోరిక. వాళ్ళు కృష్ణ చివర చూసినవాళ్ళు, మనం నడుమ ఉన్నవాళ్ళం. ఒకే నీళ్ళు తాగే రెండు జాతులు ఒక్కసారైనా ఒక చాప మీద కూర్చోవాలి.

బడి పిల్లలకు చివరగా ఒక మాట. ఈ వారం వరద చూడటానికి మీరు ఒడ్డుకు పోతారు, పెద్దవాళ్ళతోనే పోండి. ఆ ఎర్రటి నీళ్ళను చూసినప్పుడు అవి ఎక్కడికి పోతున్నాయని ఎవరైనా అడిగితే సముద్రానికి అని చెప్పి ఆగిపోకండి. దారిలో ఎవరెవరి పాలవుతున్నాయో కూడా చెప్పండి. రొయ్యపిల్లకు, పీతకు, నీటికుక్కకు, మనం చూడలేకపోయిన ఆ బావురు పిల్లికి, బుట్ట దించిన ఆ అక్కకు.

  

రామ్ రామ్. జై సేవాలాల్.